ప్లాస్టిక్ స్టాకు తేలిక రైఫిలు: నాణ్యత ఎక్కడ చూడాలి?

వెంగల్, ఊత్తుకోట, తిరువళ్లూరు, తిరుత్తణి వైపు తెలుగు కుటుంబాల్లోకి తుపాకి మాట మూడు దారుల్లో వస్తుంది. ఒకటి, తాతగారి కాలం నాటి లైసెన్సు తుపాకి. రెండు, షూటింగ్ నేర్చుకుంటానని మనవడో మనవరాలో అడిగే గాలి తుపాకి, అంటే ఎయిర్ గన్. మూడోది ఈ మధ్య వచ్చింది. అమెరికాలో స్థిరపడిన అబ్బాయి స్నేహితులతో జింకల వేటకు వెళ్లడానికి రైఫిలు కొంటాడు, ఫోటో పంపుతాడు. నల్లటి ప్లాస్టిక్, సన్నటి గొట్టం. ఇంట్లో పెద్దలకు అది బొమ్మ తుపాకిలా కనబడుతుంది. "ఇది గట్టిదేనా? పేలి మీద పడదు కదా?" అని అడుగుతారు.

అడగవలసిన ప్రశ్నే. కానీ దానికి జవాబు ప్లాస్టిక్‌లో లేదు, బరువులో లేదు, పైమెరుగులో అసలే లేదు. ప్లాస్టిక్, ఉక్కు కలిసే చోట ఉంది. ట్రిగ్గరులో, సేఫ్టీలో ఉంది. ఆ చోట్లు ఎలా చూడాలో ఈ వ్యాసంలో వరుసగా చెబుతాను. రైఫిలు మన చేతిలో లేకపోయినా ఫరవాలేదు. వీడియో కాల్‌లో అబ్బాయిని అడిగి చూపించమనవచ్చు.

ముందు చట్టం

మన దేశంలో వేట లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి జంతువును వేటాడడం నేరం. చేతిలో తుపాకి లైసెన్సు ఉన్నంత మాత్రాన వేటకు అనుమతి వచ్చినట్టు కాదు. పొలంలో పడే అడవి పందుల విషయంలోనూ అంతే. 2025 జనవరిలో తమిళనాడు ప్రభుత్వం అడవి హద్దు నుంచి 3 కిలోమీటర్లు దాటి వచ్చిన పందులను కాల్చడానికి తీసుకున్న నిర్ణయం అటవీశాఖ సిబ్బందికి సంబంధించినది. రైతు తుపాకి పట్టమని అందులో లేదు. నెమళ్లు, కోతుల మీదికి గాలి తుపాకి ఎత్తినా కేసు తప్పదు.

అమెరికాలో ఉన్న పిల్లల సంగతి వేరు. అక్కడ రాష్ట్ర ప్రభుత్వాలు హంటింగ్ లైసెన్సు ఇస్తాయి. టెక్సాస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ, ఆ తరువాత గానీ పుట్టినవారు వేటకు వెళ్లాలంటే హంటర్ ఎడ్యుకేషన్ అనే శిక్షణ అవసరం. ఇంతకన్నా ముఖ్యమైన సంగతి మన ఇళ్లలో చాలామందికి తెలియదు. హెచ్-1బి వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకి గానీ, తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా నేరం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. గ్రీన్ కార్డు వచ్చినవారికి ఈ అడ్డు లేదు. కాబట్టి అబ్బాయి రైఫిలు ఫోటో పంపితే మొదట అడగవలసింది "ఏ కంపెనీ?" అని కాదు. "నీ వీసాకు ఇది సరిపోతుందా? లైసెన్సు తీసుకున్నావా? తేదీ దాటలేదు కదా?" అని. అనుమానం ఉంటే అక్కడి లాయరును అడిగాకే కొనాలి. వీసా పోతే ఎంత మంచి రైఫిలూ దాన్ని తిరిగి తేలేదు.

స్టాకు అంటే ఏమిటి?

తుపాకిలో గొట్టాన్ని, బోల్టును, ట్రిగ్గరును పట్టి ఉంచే పొడవాటి భాగాన్ని స్టాకు అంటారు. వెనుక కొస భుజానికి ఆనుతుంది, ముందు భాగం గొట్టం కింద చేతికి వస్తుంది. మన తాతల తుపాకులకు అది చెక్క. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారై, మన దేశంలో లైసెన్సుదారుల దగ్గర ఎక్కువగా కనబడే .315 స్పోర్టింగ్ రైఫిలుకూ చెక్క స్టాకే అలవాటు.

చెక్కకు అందం ఉంది, లోపమూ ఉంది. గాలిలో తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండకు లాగుతుంది. ఐప్పసి, కార్తీక మాసాల వానల్లో మన ఇంటి తలుపులు బిగుసుకుపోవడం చూస్తూనే ఉంటాం. స్టాకుకూ అదే జరుగుతుంది. ఉబ్బిన చెక్క ఒక పక్క గొట్టాన్ని నెడితే గురి మారుతుంది. ఆ బాధ లేకుండా ఉండడానికే సింథటిక్ స్టాకు వచ్చింది.

ఇది నిన్న మొన్నటి సంగతి కాదు. అమెరికాలో రెమింగ్టన్ కంపెనీ 1959లో నైలాన్ 66 అనే .22 రైఫిలును మార్కెట్లోకి తెచ్చింది. స్టాకు మొత్తం నైలానే. బరువు 2 కిలోల లోపు. అప్పటి జనం కూడా బొమ్మ తుపాకి అనే అన్నారు. అదే సంవత్సరం టామ్ ఫ్రై అనే ఆ కంపెనీ షూటరు ఆ రకం రైఫిళ్లతో, గాలిలోకి విసిరిన 1,00,010 చిన్న చెక్కముక్కలను వరుసగా రోజుల తరబడి కాల్చారు. తప్పినవి 6 మాత్రమే. ఆ మోడలు తరువాత పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. కాబట్టి ప్లాస్టిక్ అన్నమాటే తక్కువరకానికి గుర్తు కాదు.

అయితే ప్లాస్టిక్ అంతా ఒక్కటి కాదు. బకెట్లు పోసినట్టు కరిగిన ప్లాస్టిక్‌ను అచ్చులోకి ఎక్కించి తీసేది ఒక రకం. తక్కువ ధర రైఫిళ్లకు ఎక్కువగా ఇదే. ఇందులోనూ గాజు నారు కలిపినది గట్టిగా ఉంటుంది, కలపనిది వంగుతుంది. గాజు నారు, కార్బన్ నారు బట్టను రెసిన్‌తో పొరలుపొరలుగా పేర్చి చేసేది ఇంకో రకం. అది తేలికగానూ గట్టిగానూ ఉంటుంది, ధర ఎక్కువ. అచ్చు పోసిన స్టాకు మీద రెండు సగాలు కలిసిన గీత సన్నగా కనబడుతుంది. అది చూపుకు బాగుండదు గానీ లోపం కాదు. గీత దగ్గర చీలిక, తెల్లటి మచ్చ, లోపలికి కుంగిన గుంట ఉంటే మాత్రం తీసుకోకూడదు.

వెనుక భాగాన్ని వేలితో కొడితే డొల్ల చప్పుడు వస్తే చాలామంది పెదవి విరుస్తారు. అదీ బలానికి కొలత కాదు. ఫిన్లాండులో తయారయ్యే టిక్కా టి3 రైఫిలును 2016లో టి3ఎక్స్ పేరుతో సవరించినప్పుడు, చప్పుడు తగ్గడానికి స్టాకు లోపల స్పాంజి ముక్క పెట్టారు. దానితో చప్పుడు తగ్గింది గానీ స్టాకు బలం అదే.

బరువు ఎక్కడ తగ్గించారు?

తేలిక అనేది గొప్పా కాదు, లోపమూ కాదు. దేనికి వాడతారో దానికి తగిన బరువు ఉండాలి. 1983లో మన మద్రాసులో పుట్టి, హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో కంచు పతకం తెచ్చారు. ఆ పోటీలో రైఫిలు 5.5 కిలోల వరకు ఉండవచ్చు. నిలబడి ఒకే చోట కాల్చేవారికి బరువు చేతిని నిలకడగా ఉంచుతుంది. కొండలెక్కి రోజంతా తిరిగే వేటగాడికి ఆ బరువే శత్రువు. అందుకే వేట రైఫిళ్లను 3 కిలోల చుట్టుపక్కలకు తగ్గిస్తున్నారు. టిక్కా టి3ఎక్స్ లైట్, అమెరికాలో రూగర్ కంపెనీ వారి రూగర్ అమెరికన్, రెండూ అచ్చు పోసిన స్టాకులతో 3 కిలోల లోపు వచ్చే మోడళ్లే.

ఆ తగ్గిన బరువుకు ఒక వెల ఉంది. అదే తూటా పేల్చినప్పుడు తేలిక తుపాకి ఎక్కువగా తన్నుతుంది. 4 కిలోల రైఫిలు 3 కిలోలు అయితే భుజానికి తగిలే తన్ను శక్తి సుమారు మూడో వంతు పెరుగుతుంది. .30-06 వంటి పెద్ద తూటాకు ఇది చిన్న తేడా కాదు. తన్నుకు భయపడిన చేయి ట్రిగ్గరు లాగే క్షణంలో ఉలికిపడుతుంది, గురి పోతుంది. కాబట్టి వెనుక కొసకు మంచి రబ్బరు మెత్త ఉందా, స్టాకు పొడవు మనిషి చేతికి సరిపోతుందా అన్నవి అలంకారాలు కావు. రబ్బరును బొటనవేలితో నొక్కాలి. నొక్కుకుని మళ్లీ లేవాలి. చెక్కలా గట్టిగా ఉంటే అది పేరుకే మెత్త.

గొట్టం సన్నబడడం ఇంకో వెల. సన్న గొట్టం త్వరగా వేడెక్కుతుంది. మూడు నాలుగు గుళ్లు వెంటవెంటనే పేల్చాక తగిలే చోటు పక్కకు జరిగితే అది లోపమో, వేడో చెప్పలేం. వేట రైఫిలును మూడేసి గుళ్లతో, మధ్యలో గొట్టాన్ని చల్లారనిచ్చి పరీక్షించాలి. ఈ కంపెనీలు "ఒక మినిట్" గురి అని ప్రకటిస్తుంటాయి. 100 మీటర్ల దూరంలో ఆ మూడు గుళ్లూ సుమారు 29 మిల్లీమీటర్ల లోపు పడతాయని దాని అర్థం. మన ఐదు రూపాయల బిళ్ల కన్నా కొంచెం పెద్ద వలయం.

పది రూపాయల నోటు పరీక్ష

ఇక చేతితో చూసే పని. ఏ పరీక్షకైనా ముందు తూటాల పెట్టె తీసేయాలి, బోల్టు తెరవాలి, గొట్టం వెనుక గది ఖాళీగా ఉందని కంటితో చూసి, చిటికెన వేలితో తడిమి తెలుసుకోవాలి. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. గొట్టం మనిషి వైపు తిరగకూడదు. ఇది ఎంత తెలిసినవారికైనా ప్రతిసారీ ఉండే నియమం.

తరువాత ఒక పది రూపాయల నోటు తీసుకుని గొట్టం కింద, స్టాకుకూ గొట్టానికీ మధ్య దూర్చి, ముందు నుంచి వెనక్కి జరపాలి. ఇప్పటి రైఫిళ్లలో ఎక్కువ వాటికి గొట్టం ఎక్కడా స్టాకును తాకకుండా తేలుతూ ఉండాలి. నోటు తూటా గది దాకా నిరాటంకంగా పోవాలి. మధ్యలో పట్టేస్తే అక్కడ స్టాకు గొట్టాన్ని తాకుతోందన్నమాట. కొన్ని మోడళ్లలో ముందు కొస దగ్గర కావాలనే ఒక ఆనుడు పెడతారు. అది ఉందని కంపెనీ పుస్తకంలోనే రాసి ఉంటుంది, రెండు పక్కలా సమంగా ఉంటుంది.

నోటు ఆడింది కదా అని అక్కడితో ఆపకూడదు. ఇప్పుడు స్టాకు ముందు భాగాన్ని, గొట్టాన్ని కలిపి ఒక చేత్తో గట్టిగా పిండాలి. తరువాత ముందు భాగాన్ని మాత్రం ఎడమకు, కుడికి నెట్టాలి. వంగి గొట్టానికి తగిలితే అది మెత్తటి ప్లాస్టిక్. షాపు బల్ల మీద గొట్టం తేలుతూనే కనబడుతుంది. కానీ వేటగాడు రైఫిలును ఇసుక సంచి మీద ఆనించినప్పుడు, భుజం పట్టీని బిగించి లాగినప్పుడు స్టాకు వంగి గొట్టాన్ని తాకుతుంది, గుండు వేరే చోట పడుతుంది. "నిన్న బాగానే పడింది, ఈరోజు పడడం లేదు" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే. తక్కువ ధర సింథటిక్ స్టాకుకు ఇదే మొదటి బలహీనత. కొంచెం వంగినా తగలనంత ఖాళీ వదిలి ఉంటే సర్దుకోవచ్చు. తగిలేదాన్ని వదిలేయడం మంచిది.

భుజం పట్టీ తగిలించే కొక్కేలను కూడా లాగి చూడాలి. ప్లాస్టిక్‌లోకి ఊరికే మరలా తిప్పిన కొక్కెం కొన్నాళ్లకు ఊడి వస్తుంది. కొండ దారిలో నడుస్తుండగా అది ఊడితే తుపాకి నేల మీద పడుతుంది. లోపల లోహపు గూడు ఉన్నదైతే కదలదు.

ఉక్కు కూర్చునే చోటు

స్టాకు కింద రెండు మరలు ఉంటాయి. అవే ఇనుప భాగాన్ని స్టాకుకు బిగించేవి. తుపాకి తన్నిన ప్రతిసారీ ఆ ఉక్కు వెనక్కి జరగాలని చూస్తుంది. దాన్ని ఆపేది రీకాయిల్ లగ్ అనే చిన్న లోహపు అడ్డు. మొత్తం రైఫిలు నాణ్యత ఈ అడ్డు ఎంత గట్టిగా కూర్చుందో దాని మీద ఆధారపడుతుంది.

మంచి రైఫిలులో ఈ చోట ప్లాస్టిక్ ఒక్కటే ఉండదు. రూగర్ అమెరికన్‌లో స్టాకు అచ్చులోనే ఉక్కు దిమ్మెలను పొదిగారు, ఇనుప భాగం వాటి మీద కూర్చుంటుంది. టిక్కా పాత టి3లో ఈ అడ్డు అల్యూమినియంది. టి3ఎక్స్ వచ్చినప్పుడు దాన్ని ఉక్కుకు మార్చారు. ఇంకొందరు మరల రంధ్రాల చుట్టూ లోహపు గొట్టాలు పెడతారు. అవి ఉంటే మరను బిగించినప్పుడు ప్లాస్టిక్ నలగదు. పై నుంచి చూస్తే రెండు స్టాకులూ ఒకేలా నల్లగా ఉంటాయి. తేడా లోపలే.

కాబట్టి అబ్బాయిని "స్టాకు విప్పితే లోపల లోహం ఏముంది?" అని అడగాలి. ఇంటి దగ్గర ఇలా చూడవచ్చు. ఒక వేలిని గొట్టం, స్టాకు కలిసే సందు మీద పెట్టి, ముందు మరను నెమ్మదిగా వదులు చేసి, మళ్లీ బిగించాలి. వేలి కింద గొట్టం లేచి పడుతున్నట్టు తెలిస్తే ఉక్కు సమంగా కూర్చోలేదని అర్థం. కొత్త రైఫిలులో ఇలా ఉంటే కంపెనీకి తిరిగి పంపే హక్కు కొనుగోలుదారుకు ఉంటుంది. మరలను ఎంత బిగించాలో కంపెనీ పుస్తకంలో కొలత ఇస్తుంది. బలమంతా పెట్టి తిప్పితే ప్లాస్టిక్ స్టాకు చీలుతుంది.

బోల్టు సంగతి కూడా ఇక్కడే. తెరిచి వెనక్కి లాగినప్పుడు బోల్టు అటూ ఇటూ కొంచెం ఊగడం మామూలే. మూసి పిడి కిందికి తిప్పాక ఊగకూడదు. ముందుకు తోసేటప్పుడు గీరుకుపోతే, మధ్యలో పట్టేస్తే, తూటాల పెట్టె వేలితో తడితేనే ఊడి వస్తే, ఇవి అడవిలో ఇబ్బంది పెట్టే లోపాలు. తూటాల పెట్టె ప్లాస్టిక్‌ది కావడం తప్పు కాదు. దాని నోరు వంకర పోకుండా, కొక్కెం గట్టిగా పట్టాలి.

అన్నిటికన్నా పెద్ద పరీక్ష: ట్రిగ్గరు, సేఫ్టీ

ఇంతవరకు చెప్పిన లోపాలతో గురి తప్పుతుంది. ఇక్కడి లోపంతో మనిషి పోతాడు. రెమింగ్టన్ 700 అనేది 1962లో వచ్చి అమెరికాలో విపరీతంగా అమ్ముడైన వేట రైఫిలు. చెక్క స్టాకుతోనూ, సింథటిక్ స్టాకుతోనూ వచ్చింది. చూడటానికి, పట్టుకోవడానికి ఏ లోటూ లేదు. దాని పాత ట్రిగ్గరు తాకకుండానే రైఫిలు పేలుతోందని దశాబ్దాల తరబడి ఫిర్యాదులు, దావాలు నడిచాయి. 2006 నుంచి కొత్త ట్రిగ్గరు పెట్టారు. 2014 ఏప్రిల్‌లో ఆ కొత్త ట్రిగ్గర్లనూ కంపెనీయే వెనక్కి పిలిచింది. 2006 మే 1 నుంచి 2014 ఏప్రిల్ 9 వరకు తయారైనవి అన్నీ అందులోకి వచ్చాయి. బిగించేటప్పుడు వాడిన జిగురు పదార్థం కొన్నిటిలో ఎక్కువై ఉండవచ్చని, దానివల్ల అనుకోకుండా పేలే ప్రమాదం ఉందని కారణం చెప్పారు. ఒక చుక్క జిగురు! పైనుంచి ఎంత పరిశీలించినా ఎవరికీ కనబడదు.

దీనిలో మనకు రెండు పాఠాలు. మొదటిది, పేరున్న కంపెనీ అని పరీక్ష మానకూడదు. రెండోది, పాత రైఫిలు కొనేవారు నంబరును కంపెనీ వెనక్కి పిలిచిన జాబితాలో చూసుకోవాలి. అమెరికాలో పాత రైఫిళ్లు చేతులు మారడం మామూలు. రీకాల్ కాగితం మొదటి యజమాని దగ్గరే ఆగిపోయి ఉండవచ్చు.

పరీక్ష ఇది. గది ఖాళీ అని రెండోసారి చూశాక బోల్టు మూయాలి. సేఫ్టీ పెట్టి ట్రిగ్గరును గట్టిగా లాగి వదిలేయాలి. ఇప్పుడు వేలు ట్రిగ్గరుకు దూరంగా ఉంచి సేఫ్టీ తీయాలి. లోపల టక్కుమని పిన్ను పడకూడదు. పడితే ఆ రైఫిలు ప్రమాదకరం, ఎంత తగ్గింపు ఇచ్చినా వద్దు. తరువాత సేఫ్టీ తీసి ఉంచి బోల్టును నాలుగైదుసార్లు జోరుగా వెనక్కీ ముందుకూ ఆడించి మూయాలి. అప్పుడూ పిన్ను పడకూడదు. చివరగా వెనుక కొసను రబ్బరు చాప మీద రెండు మూడుసార్లు తట్టాలి. అప్పుడు కూడా పడకూడదు. పాత .22 రైఫిళ్లను ఖాళీగా పేల్చితే గది అంచు దెబ్బతినవచ్చు కాబట్టి వాటిలో పేలిన ఖాళీ తొడుగు పెట్టి చూడాలి. ఈ పరీక్షల్లో నెగ్గినంత మాత్రాన వందశాతం భరోసా వచ్చినట్టు కాదు. తప్పినదాన్ని మాత్రం తప్పకుండా పక్కన పెట్టాలి.

మనవడి గాలి తుపాకి

మన ఊళ్లలో ప్లాస్టిక్ స్టాకు ఎక్కువగా కనబడేది ఎయిర్ రైఫిళ్లకే. 2016 ఆయుధాల నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల గొట్టం, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్నవాటికి లైసెన్సు అక్కరలేదు. ఆ హద్దు దాటితే కావాలి. స్ప్రింగు మార్చి శక్తి పెంచుతామని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. ఇంట్లో పిల్లవాడి చేతిలో ఉన్నది ఆ క్షణం నుంచి లైసెన్సు లేని ఆయుధం కావచ్చు.

వీటిలో ఎక్కువవాటికి గొట్టాన్ని మధ్యలో విరిచి స్ప్రింగు ఎక్కిస్తారు. అందుకని మొదట చూడవలసింది ఆ కీలు. గొట్టం మూశాక పట్టుకుని పక్కలకు ఊపితే కదలకూడదు, మూసుకునేటప్పుడు గట్టిగా పట్టుకోవాలి. స్ప్రింగు అదురుకు స్టాకు మరలు వదులవుతాయి. ప్లాస్టిక్ స్టాకులో ఇది త్వరగా జరుగుతుంది, వారానికోసారి చూడాలి. స్ప్రింగు ఎక్కించి గొట్టం తెరిచి ఉండగా ట్రిగ్గరు పనిచేయకుండా ఆపే ఏర్పాటు ఉందో లేదో షాపువారిని అడగండి. అది లేనిదానిలో పెల్లెట్ పెడుతున్న వేళ్ల మీదికి గొట్టం ఎగిరి మూసుకోవచ్చు. పెల్లెట్ లేకుండా పేల్చితే స్ప్రింగు, సీలు పాడవుతాయి. లైసెన్సు అక్కరలేదంటే ప్రమాదం లేదని కాదు. కంటికి తగిలితే చూపు పోతుంది. కళ్లద్దాలు, వెనుక గట్టి అడ్డు, పక్కన పెద్ద మనిషి, ఈ మూడూ లేకుండా పిల్లల చేతికి ఇవ్వకండి. నిజంగా ఆసక్తి ఉంటే క్లబ్బులో చేర్చి, అక్కడి రైఫిలుతో కొన్నాళ్లు నేర్చుకున్నాక కొనడం మేలు.

తాతగారి తుపాకి మాట

1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసేదాకా తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉండేది. పాత లైసెన్సు కాగితాల్లో చిత్తూరు ముద్ర ఉన్నా ఆశ్చర్యం లేదు. అలాంటి తుపాకి ఇంట్లో ఉన్నవారు మూడు సంగతులు గుర్తుంచుకోవాలి.

ఒకటి, 2019లో సవరించిన ఆయుధాల చట్టం ప్రకారం ఒక మనిషికి గరిష్ఠంగా రెండే తుపాకులు, లైసెన్సు గడువు 5 ఏళ్లు. రెండు, లైసెన్సుదారు పోయాక తుపాకిని బీరువాలో అలాగే ఉంచడం నేరం. దాన్ని పోలీసు స్టేషనులో గానీ లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గానీ అప్పగించి, వారసుడు తన పేరున దరఖాస్తు చేసుకోవాలి. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకి 25 ఏళ్లుగా ఆయన దగ్గర ఉన్నా, బతికి ఉండగానే వారసుడి పేరుకు మార్చమని అడిగే వీలు 2016 నియమాల్లో ఉంది. నాన్నగారు ఉండగానే ఆ పని చేసుకుంటే తరువాత తిరగవలసిన తిరుగుడు తగ్గుతుంది.

మూడు, తుప్పు. ఎన్నికలప్పుడు తుపాకిని స్టేషనులో అప్పగించి నెలల తరువాత తెచ్చుకుంటాం. తెచ్చిన రోజే గొట్టం లోపల, స్టాకు కింద చూడాలి. చెక్క తేమను పట్టి ఉంచితే ఉక్కు అడుగు నుంచి తుప్పు పడుతుంది, పైకి కనబడదు. సింథటిక్ స్టాకు తేమను పీల్చదు నిజమే, కానీ దాని సందుల్లో చేరిన నీరు ఎండదు. వానలో తడిసిన రైఫిలును స్టాకు విప్పి తుడిచి నూనె రాయకపోతే ప్లాస్టిక్ చెక్కుచెదరదు, ఉక్కు మాత్రం తింటుంది. పాత తుపాకిని లైసెన్సు ఉన్న గన్‌స్మిత్ చూడకుండా పేల్చవద్దు. కొత్త తేలిక రైఫిలు కోసం దాన్ని వదులుకోవాలా అని అడిగేవారికి ఒక మాట. విదేశీ రైఫిళ్ల దిగుమతి మామూలు లైసెన్సుదారుకు దాదాపు మూసిన దారి. అమెరికాలో అబ్బాయి కొన్నది ఇక్కడికి వస్తుందని ఆశపెట్టుకోకండి.

వీడియో కాల్‌లో అడగవలసినవి

వీసాకు సరిపోతుందా, హంటింగ్ లైసెన్సు ఉందా? నంబరు రీకాల్ జాబితాలో లేదు కదా? సేఫ్టీ పరీక్ష మూడు విధాలా చేశావా? స్టాకు లోపల లోహం ఏముంది? నోటు ఆడిందా, పిండితే గొట్టానికి తగిలిందా? తాళం వేసే పెట్టె కొన్నావా, తూటాలు వేరే చోట పెడుతున్నావా?

చివరి ప్రశ్నకు "ఇంకా లేదు, నాన్నా" అని జవాబు వస్తే, రైఫిలు ఇంటికి తేకముందే ఆ పెట్టె కొనమని చెప్పండి. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నచోట స్టాకు చెక్కదా ప్లాస్టిక్‌దా అన్నదానికన్నా ఆ తాళం ముఖ్యం.